మరపునబడిన పెద్దలు – మన విధి
(వార్షిక మహాసభ రెండవనాటి ఉపన్యాసము)



మన సంఘమువారు వృద్ధులకొరకు ఒక వసతిగృహము నిర్మింపదలచి, ఆ తీర్మానమును ఈ మహాసభ యెదుట నుంచియున్నారు. స్థలమును గూర్చియు, చందాలను గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. మేము గోడలను గూర్చి గాక, ఆ గోడల నడుమ గడువబోవు దినములను గూర్చి, అందును మతిమరపు వ్యాధి గలవారి దినములను గూర్చి, నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. మేము వైద్యులము గాము. ఆ వ్యాధి పాలయిన తల్లి కడుపున బుట్టినవారము. మాకుగల యధికారము అంతియే.

డిమెన్షియా యని వైద్యులు పిలుచునది ముసలితనపు చాదస్తము గాదు, పిచ్చి గాదు, పూర్వజన్మ పాపఫలమును గాదు. అది మెదడునకు వచ్చు వ్యాధి. అందు ఎక్కువగా కానవచ్చు రకమునకు, 1906వ సంవత్సరమున దానిని మొదట వర్ణించిన జర్మను వైద్యుడు అలోయిస్ అల్‌జైమర్ పేరే నిలిచినది. 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన అంచనా ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, దీని పాలయియున్నారు. ఈ సభలోని కుటుంబములలో ఈ బాధను చెప్పుకొనలేక దాచుకొన్నవి పెక్కు గలవని మా నమ్మకము. దీనిని పూర్తిగా కుదుర్చు మందు ఇంకను లేదు. కావున వ్యాధిగ్రస్తుల సుఖము చాలవరకు చుట్టునున్నవారి నడవడిపై నాధారపడియున్నది.

మా తల్లిగారిని మూడేండ్లు ఇంటనే యుంచుకొని చూచితిమి. రాత్రులు తలుపు తీసికొని వీధిలోనికి పోవుట మొదలైన పిమ్మట, వేరు దారి గానక పట్టణమున నొక వృద్ధాశ్రమమున చేర్చితిమి. మొదట ప్రతి ఆదివారమును పోవుచుంటిమి. ఒకనాడు ఆమెతో రెండు గంటలు గడిపి బయలుదేరి, మరచిన చేతిసంచికై పావుగంటకే తిరిగి పోగా, “ఎన్నాళ్లకు వచ్చావు నాయనా!” యని యాశ్చర్యపడెను. వచ్చినను గుర్తుండదు, రాకున్నను గుర్తుండదు, ఇక వచ్చుట యెందులకని నాడు మాకు తోచెను. పిదప నెలకొక పర్యాయము, ఆ పిదప పండుగలకు మాత్రమే పోయితిమి. ఈ తప్పును ఇందరి యెదుట ఒప్పుకొనుచున్నాము. ఏలయన, ఇదే లెక్కను మనలో చాలమంది వేయుచున్నారు.

ఆ లెక్క తప్పు. 2014వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు 17 మంది అల్‌జైమర్ రోగులకు దుఃఖము పుట్టించు చలనచిత్ర భాగములను, సంతోషము పుట్టించువానిని చూపిరి. చూచినదానిని వారు కొలదిసేపటికే మరచిరి. కాని ఆ దుఃఖమును, ఆ సంతోషమును పిమ్మటను వారి మనస్సున నిలిచియుండెను. మేము వచ్చిన సంగతిని మా తల్లి మరచినను, ఆ నాటి తృప్తి ఆమె సాయంకాలపు అన్నములోను, రాత్రి నిద్రలోను ఉండియుండునని అప్పుడు తెలిసికొంటిమి. ఎవరైన కసరిన మాటయు అట్లే మిగులును.

ఈ వ్యాధిగలవారిలో పెక్కుమందికి ప్రొద్దువాలు వేళ కలత హెచ్చును. “ఇంటికి పోవాలి, ఆవులు వచ్చే వేళయింది” అనుచు మా తల్లి గుమ్మము కడ నిలిచెడిది. “ఆవు లెక్కడివమ్మా? ఆ యిల్లు అమ్మి ఇరవై యేళ్లయింది” అని మేము సత్యము చెప్పెడివారము. ఆమె యేడ్చెడిది. మరుసటి పర్యాయము మరల అదే ప్రశ్న, అదే సత్యము, అదే యేడుపు. అక్కడి ఆయా యొకతె అట్లు చేయలేదు. “మీ ఆవు పేరేమిటి పెద్దమ్మా?” అని యడిగెను. “గౌరి” అని మా తల్లి చెప్పెను. అది యెన్ని పాలిచ్చును, దూడ యెట్టిది యను మాటలలో చీకటి పడి, దీపములు వెలిగెను. మరియొకనాడు చాటలో బియ్యము పోసి యిచ్చి, “రాళ్లేరి పెట్టు పెద్దమ్మా, నా కళ్లు కనపడవు” అనెను. మా తల్లి చేతులు ఆ పనిని మరువలేదు. ఆ గంటసేపు ఆమె రోగి గాదు, ఇంటి యజమానురాలు.

ఆ ఆయా మన కులమున బుట్టినది గాదు. మన గృహమునకు పరిచారకులను నియమించునప్పుడు ఓర్పు నడుగుడు, కులము నడుగవలదు. వారికి తగిన జీతము నిండు, శిక్షణ యిప్పింపుడు.

ఇంగ్లండున బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పనిచేసిన టామ్ కిట్‌వుడ్ 1997వ సంవత్సరపు గ్రంథమున, ఇట్టివారికి ప్రేమ నడుమగా అయిదు కావలయునని చెప్పెను: ఓదార్పు, అనుబంధము, నలుగురిలో చోటు, చేతికి పని, తానెవరో యను నెరుక. నెదర్లాండ్సులోని వేస్ప్ పట్టణమున 2009లో వీరికొరకే అంగడి, వీధి, తోటలతో ఒక చిన్న పేటను తెరచిరి. ఒక్కొక్క యింట ఆరేడుగురు కాపురముందురు; ఆవరణలోపల స్వేచ్ఛగా తిరుగుదురు. మనకు అంత ధనము లేకపోవచ్చును. ఒక అరుగు, తులసికోట, చాట, పూలు గ్రుచ్చు దారము మనకు దొరకనివి గావు.

కావున మా మనవులు నాలుగు. ఒకటి, గృహమున చేరు ప్రతివారికిని ఒక చిన్న పుస్తకము వ్రాసి యుంచవలయును: ఊరు, చేసిన వృత్తి, ఇష్టమైన కూర, కొలుచు దైవము, ఇంట పిలుచు పేరు. రెండు, కలత చెందినవారికి తొందరపడి మత్తుమందు లీయక, నొప్పియో, మలబద్ధకమో, మూత్రదోషమో, కండ్లజోడు కనబడకపోవుటయో మొదట వెదకవలయును. కలతను అణచుటకిచ్చు కొన్ని మానసిక ఔషధములు ఇట్టి వృద్ధులలో మరణభయమును హెచ్చించునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించినది. మూడు, స్నానమున, బట్టలు మార్చుటలో, తలుపు వేసి, చెప్పి, అడిగి చేయవలయును. “ముసలమ్మా” యని గాక పెద్దమ్మా, తాతయ్యా యని పిలువవలయును. నాలుగు, చేర్చినవారు తప్పక వచ్చుచుండవలయును. మొదటి మూడును సంఘము చేయగలదు. నాలుగవది మీరే చేయవలయును.

మేము మరల ఆదివారములు పోయితిమి. కడపటి సంవత్సరమున మా పేరు ఆమెకు తెలియలేదు. ఒకనాడు మా చేయి పట్టుకొని, “నీవెవరో గాని నాయనా, నీవు కూర్చుంటే బాగుంది” అనెను. ఆ చేయి విడువక చీకటి పడువరకు కూర్చుంటిమి. పండుగలకు మాత్రమే పోయిన నాటి ఆదివారములను మాత్రము తిరిగి తెచ్చుకొనలేము.

తీర్మానమును మీరు ఆమోదింతురని నమ్ముచున్నాము.