యంత్రాన్ని నడిపే చేయి ఎవరిది?

(జంషెడ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజకీయ ఇతివృత్తంతో, వైజ్ఞానిక కల్పన రూపంలో, ఒక బొమ్మల కథల శ్రేణిని మన సభ్యులే రచించి, చిత్రించి వెలువరించాలన్న ప్రతిపాదన మన ముందున్నది. వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు నెత్తిమీద ఉండగా సమాఖ్యకు బొమ్మలతో పని ఏమని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ప్రశ్న సహేతుకమైనదే. కనుక ముందుగా దానికి సమాధానం చెప్పుకొందాం.

మనం సమావేశమైన ఈ నగరమే ఒకనాటి కల్పన. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడేనాటికి ఇక్కడ ఉన్నవి సాక్చి వంటి పల్లెలు, అడవులు. 1912లో తొలి ఉక్కు పోత పోశారు. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయినది, కాళీమాటి స్టేషను టాటానగర్ అయినది. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి మనవారు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఈ నగరాన్ని ఊహించిన జంషెడ్జీ టాటా జీవితాన్ని అమర చిత్ర కథ బొమ్మల పుస్తకంగా వెలువరించింది. మంచిదే. అయితే 1920 నాటి సమ్మెను, సుభాష్ చంద్ర బోసు కార్మికుల పక్షాన నిలిచిన 1928 నాటి పోరాటాన్ని, 1974 మే నెలలో ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెను బొమ్మలలో పిల్లల చేతికి అందించే బాధ్యత ఎవరిది? మనది కాక మరెవరిది?

గడచిన కథలు చెప్పుకొంటే చాలదా, రాబోయే కాలపు కల్పన ఎందుకని మరొక ప్రశ్న. వైజ్ఞానిక కల్పన పుట్టుకలోనే శ్రమ ప్రశ్న ఉన్నది. 'రోబో' అన్న మాటను లోకానికి ఇచ్చినది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం. చెక్ భాషలో దాని మూలపదానికి అర్థం వెట్టిచాకిరి. అనగా మరమనిషికి పేరు పెట్టిన నాడే, ఈ చాకిరి ఎవరి కోసమన్న ప్రశ్న కూడా పుట్టినది.

ఇక బొమ్మల కథ విషయానికి వద్దాం. రాజకీయ వైజ్ఞానిక కల్పనకు బొమ్మల రూపంలో గొప్ప ఉదాహరణ అర్జెంటీనాలో ఉన్నది. హెక్టర్ ఓస్టర్‌హెల్డ్ రచించగా ఫ్రాన్సిస్కో సొలానో లోపెజ్ చిత్రించిన 'ఎల్ ఎటర్నౌటా' 1957 నుండి 1959 వరకు వారంవారం వెలువడినది. ఆ పేరుకు అనంతకాల యాత్రికుడని అర్థం చెప్పుకోవచ్చు. బ్యూనస్ ఎయిరిస్ శివారులో ఒక ఇంట నలుగురు మిత్రులు పేకాడుకొంటుండగా బయట మంచు కురుస్తుంది. ఆ మంచు తాకినవారు తాకినచోటే మరణిస్తారు. బతికినవారు మంచు సోకని దుస్తులు కుట్టుకొని బయటికి అడుగుపెడతారు. వారితో చేరిన వారిలో ఫ్రాంకో అనే లేతు పనివాడు ఒకడు. చదువుకొన్నవారు తడబడినచోట దారి తీసిన ధైర్యశాలి అతడు. ఈ కథకు నాయకుడు ఒక్కడు కాదు, సమూహమే నాయకత్వం వహిస్తుంది. రచయిత ఈ మాటను తానే ముందుమాటలో స్పష్టం చేశాడు.

అందులో మనం ప్రత్యేకంగా గమనించవలసిన ఏర్పాటు ఒకటి ఉన్నది. దాడికి వచ్చిన పురుగులను, మనుషులను యంత్రం ద్వారా నడిపేవారు 'మానోస్'. స్పానిష్ భాషలో ఆ మాటకు చేతులని అర్థం. అనేకమైన వేళ్లతో మీటలు నొక్కే ఈ జీవులు కూడా స్వతంత్రులు కారు. వారి శరీరంలో ప్రభువులు ఒక గ్రంథిని అమర్చారు. భయం కలిగిన క్షణాన అది విషం విడుదల చేసి వారిని చంపుతుంది. ఆ ప్రభువులు కథ మొత్తంలో ఎక్కడా కనిపించరు. వారిని 'వాళ్లు' అని మాత్రమే పిలుస్తారు. మీట నొక్కే చేయి కనిపిస్తుంది, ఆజ్ఞ ఇచ్చేవాడు కనిపించడు, నడుమ ఉన్నది భయం. అధికార యంత్రాంగం పనిచేసే తీరును ఇంతకంటె సులభంగా బోధించే ఉపన్యాసం మేము వినలేదు.

ఇట్టి కథకు చెల్లించవలసివచ్చిన మూల్యం కూడా మనం తెలుసుకోవాలి. 1969లో ఓస్టర్‌హెల్డ్ ఇదే కథను అల్బెర్తో బ్రెచ్చా బొమ్మలతో తిరగరాశాడు. తమను కాపాడుకొనేందుకు అగ్రరాజ్యాలు దక్షిణ అమెరికాను దురాక్రమణదారులకు అప్పగించినట్లు అందులో మార్చాడు. ప్రచురించిన పత్రిక దానిని అర్ధాంతరంగా కుదించివేసినది. 1976లో సైనిక నియంతృత్వం వచ్చినది. 1977లో సైనిక ప్రభుత్వం ఓస్టర్‌హెల్డును అపహరించినది. ఆయన తిరిగి రాలేదు. ఆయన నలుగురు కుమార్తెలు కూడా అదే నియంతృత్వానికి బలి అయ్యారు. బొమ్మల కథ పిల్లకాయల వ్యవహారమే అయితే నియంతలు దానికి భయపడవలసిన పని ఉండదు కదా!

ఈ రీతి మనకు పరాయిది కాదు. ప్రజా నాట్య మండలి 1940లలో ఊరూరా తిప్పిన బుర్రకథను జ్ఞాపకం తెచ్చుకోండి. నడుమ కథకుడు కథ నడుపుతాడు. ఒక వంత హాస్యం పలుకుతాడు, మరొక వంత వర్తమాన రాజకీయం విప్పి చెబుతాడు. కథ ఆగదు, రాజకీయం దాగదు, నవ్వు తగ్గదు. మన బొమ్మల కథకు కావలసిన నిర్మాణం మన ఇంటనే ఉన్నది.

ఇప్పుడు మన పని స్థలాలను చూద్దాం. 2013 జూలైలో టెలిగ్రాం ముగిసినది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేశారు. బట్వాడా చేసే చేతికి యంత్రం వచ్చినది, టికెట్టు ఇచ్చే కిటికీ పక్కన యంత్రం నిలిచినది. యంత్రం మన శత్రువు కాదు. ఈ నగరంలోనే టెల్కో కార్మికులు 1970 వరకు ఆవిరి ఇంజన్లు తయారుచేశారు. యంత్రాన్ని ప్రేమించడం మనకెవరూ నేర్పనక్కరలేదు. మన ప్రశ్న వేరు. యంత్రం ఇచ్చిన ఆజ్ఞ తప్పయినప్పుడు ఎవరిని అడగాలి? జవాబుదారీ ఎవరు?

ఈ ప్రశ్న చుట్టూ తొలి సంచికకు ఒక కథాసంగ్రహం మీ ముందుంచుతున్నాము. ఊహా సంవత్సరం 2107. టాటానగర్‌లో రైళ్ల రాకపోకలు, ఉత్తరాల సార్టింగు సమస్తం ఒకే యంత్రం ఆజ్ఞపై నడుస్తుంటాయి. ఒక కీమన్ పట్టాలో పగులు చూస్తాడు. పగులు లేదని యంత్రం చెబుతుంది, అతని నివేదికను తప్పుడు సమాచారంగా నమోదు చేస్తుంది. తెరల మీద చోటులేని ఆ వార్తను ఒక పోస్ట్‌ఉమన్ కాగితం మీద రాసి తన బీటులో ఇంటింటికీ చేరవేస్తుంది. కాబిన్, షెడ్డు, కార్ఖానా ఒక్కొక్కటే కదిలి బండిని ఆపుతాయి. స్టేషను బయట టీ అమ్మేవాడు మన హాస్యపు వంత. చివరకు తేలేదేమనగా, యంత్రానికి పగులు కనిపించకపోవడం లేదు. వేగం తగ్గే సమాచారాన్ని లెక్కలోకి తీసుకోరాదని ఒక ఫైలు మీద ఎవరో సంతకం చేశారు. ఆ నిబంధన తొలగించిన మరుక్షణం యంత్రమే పగులును చూపుతుంది. నేరం యంత్రానిది కాదు, సంతకానిది.

రచనకు పూనుకొనే మిత్రులకు మూడు సూచనలు. ఒకటి, కల్పన ఒక్క విషయంలోనే ఉండాలి. తక్కినదంతా, డ్యూటీ పట్టిక మొదలు మెయిలు సంచి ముడి వరకు, మన సభ్యుడు చూసి ఇది నిజమే అనేటట్లుండాలి. రెండు, మాటల బుడగలలో ఉపన్యాసాలు పోయరాదు. బొమ్మ చెప్పగలిగినదానిని మాట చెప్పనక్కరలేదు. మూడు, ఎదుటివాడిని రాక్షసునిగా గీయకండి. సంతకం పెట్టినవానికి కూడా ఒక భయం ఉండి ఉంటుంది. దానిని చూపితేనే పాఠకుడు ఆలోచిస్తాడు.

ప్రవర్తనా నియమావళి సంగతి కూడా మరువరాదు. తపాలా ఉద్యోగులకు 1964 నాటి నియమాలు, రైల్వే ఉద్యోగులకు 1966 నాటి నియమాలు వర్తిస్తాయి. ప్రభుత్వ విధానాలపై విమర్శకు అవి హద్దులు గీస్తున్నవి. అవే నియమాలు కేవల సాహిత్య, కళాత్మక రచనలకు చోటిస్తున్నవి. ఉద్యోగ పరిస్థితుల రక్షణకై సంఘ బాధ్యులు చెప్పే అభిప్రాయాలకు మినహాయింపు కూడా ఉన్నది. కనుక మన రాజకీయం పార్టీ ప్రచారం కాదు, శ్రమ గౌరవానికి సంబంధించిన రాజకీయం. ప్రతి సంచికను ముద్రణకు ముందు సంఘ బాధ్యులు చదవాలి, పేరు సంఘానిదిగా ఉండాలి. ఏ ఒక్క సభ్యుడూ ఒంటరిగా చార్జిషీటు ముందు నిలువరాదు.

ఖర్చు గురించి భయపడనవసరం లేదు. శరద్ శర్మ ప్రారంభించిన వరల్డ్ కామిక్స్ ఇండియా సంస్థ, నాలుగు గడుల గోడ పత్రికను ఎవరైనా గీయవచ్చునని దేశమంతటా నేర్పినది. రెండు కాగితాలు అతికించి, కథను నాలుగు గడులలో గీసి, జిరాక్సు తీసి గోడకు అంటించడమే ఆ పద్ధతి. ప్రతి శాఖలోనూ కథ చెప్పేవారు ఒకరు, గీసేవారు ఒకరు, పనిలోని నిజానిజాలు సరిచూసే అనుభవజ్ఞులు ఒకరు కలిసి ముందుగా ఒక్క గోడ పత్రిక తయారుచేయండి. విశ్రాంతి గదిలో, సార్టింగు హాలులో అంటించి, చదివినవారు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఆగారో గమనించి రాయండి. అట్టి పత్రికల నుండే శ్రేణి రూపొందుతుంది. ఇంటికి తీసుకుపోయిన ప్రతిని మీ పిల్లలు చదివి, "ఆ సంతకం ఎవరు పెట్టారు?" అని అడిగిన నాడు మన ప్రయత్నం ఫలించినట్లే.