నక్షత్రముల దూరమును కొలుచుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



సాయంకాలము ఈ గ్రంథాలయమున చదువుకొని ఇంటికి మరలునపుడు మన తలపైన నక్షత్రములు కనబడును. అవి యెంత దూరమున నున్నవో తెలియుట యెట్లు? అచటికి గొలుసు పట్టువా రెవరును లేరు గదా!

బొటనవ్రేలిని ముఖమున కెదురుగా చాచి, మొదట ఒక కంటితోను, పిదప రెండవ కంటితోను చూడుడు. వ్రేలు కదలకున్నను గోడమీద దాని చోటు మారినట్లు తోచును. వ్రేలు దూరమైన కొలది ఆ మార్పు తగ్గును. సూర్యసిద్ధాంతమున గ్రహణ గణితమునకు వాడిన లంబన శబ్దమునే దీనికిని వాడుదము.

భూమి లెక్కలు వ్రాయు నాకు ఇది క్రొత్త కాదు. చెరువు కావలి గట్టుననున్న చింతచెట్టు దూరము తెలియుటకు నీటిలో దిగ నక్కరలేదు. ఈవలి గట్టున రెండు రాళ్లు పాతి, నడిమి దూరమును కొలిచి, రెండు చోట్లనుండియు చెట్టు కనబడు కోణములను గుర్తించిన చాలును.

నక్షత్రములకు ఆ రెండు రాళ్లేవి? భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నది. అది నేడున్న చోటికిని, ఆరు మాసముల పిదప నుండు చోటికిని నడుమ సుమారు 30 కోట్ల కిలోమీటర్లు. ఆ రెండు వేళలను దూరదర్శినితో ఛాయాచిత్రములు తీసి, దగ్గరి నక్షత్రము దూరపు చుక్కల నడుమ నెంత జరిగెనో కొలుతురు. అందు సగము లంబన కోణము.

సూర్యుని విడిచిన, మనకు మిక్కిలి సమీపమైన నక్షత్రమునకైనను ఆ కోణము డిగ్రీలో 3600వ వంతుకు తక్కువ. అందుచే ప్రాచీనులకు గోచరింపలేదు. 1838లో జర్మను పండితుడు బెస్సెల్ హంస మండలములోని 61వ నక్షత్రమునకు నమ్మదగిన కొలత ప్రకటించెను. దాని దూరము సుమారు 11 కాంతి సంవత్సరములు. ఈ రాత్రి మనము చూచు దాని వెలుగు పదునొకండు సంవత్సరముల క్రిందట బయలుదేరినది.

నక్షత్రములకు స్వకీయ గతియు గలదు. దానిని నిర్ణయించుటకు పాత పటములు కావలయును. 1901లో స్థాపితమైన హైదరాబాదు నిజామియా వేధశాల, అంతర్జాతీయ పట్టికలో తన వంతుగా, ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను గాజుపలకలపై కొలిచి అచ్చువేయించెను. ఆ అంకెలు వ్రాసినవారు గతించిరి, అంకెలు నిలిచినవి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్ర గతిని లెక్కించుటకు అవియు తోడ్పడినవి. పిదప 2014 మొదలు 2025 జనవరి వరకు ఆకాశమును పరిశీలించిన గైయా ఉపగ్రహము వలన నూరు కోట్లకు మించిన నక్షత్రముల లంబనములు తెలియవచ్చినవి.

నేలపై వెంట్రుకవాసి తప్పు రెండిండ్ల నడుమ వైరము పెట్టును. ఆకాశమున నంత తప్పు దూరమునే తారుమారు చేయును. కావున కొలిచినది కొలిచినట్లు వ్రాసి, రాబోవువారు సరిచూచుకొనునట్లు భద్రపరచుట మన ధర్మము. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చేయుచున్న పనియు నిదియే.