పాత కంప్యూటరు – క్రొత్త వ్యవస్థ



2011లో మన తిరువళ్ళూరు జిల్లాయందే ఆరంభమైన ఉచిత ల్యాప్‌టాప్ పథకపు యంత్రములు మన యిండ్లలో ఇంకను కొన్ని ఉండవచ్చును. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున, పాత యంత్రములలో విండోస్ 11ను ఎక్కింపవలెనను తొందర సహజమే. కాని దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎమ్ 2.0 అను భద్రతాసాధనము వలయును. ఇవి లేనిచోట బలవంతముగా ఎక్కించినచో యంత్రము మందగింపవచ్చును. మున్ముందు రక్షణ సవరణలు లభించునను హామీయు లేదు. ఎక్కించునడుమ కరెంటు పోయినచో దాచుకొన్నవియు పోవచ్చును. తమిళనాట మన బిడ్డలు తెలుగున వ్రాసికొన్నది కొంచెమే, అది పోరాదు. కావున ముందుగా వారి వ్రాతలను పెన్‌డ్రైవున భద్రపరచి, పిదప యంత్రమునకు అర్హత కలదో లేదో చూడుడు. లేనిచో తేలికయైన లినక్సు వ్యవస్థను ఎన్నుకొనుట మేలని మేము మనవి చేయుచున్నాము.