పాలిచ్చే సాలీడు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదికపై ఉన్నారు. అందుచేత నేను ఒక సాలెపురుగును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి. చివరకు మన ఇళ్ళలోని విషయానికే వస్తాను.

వల పన్నకుండా, గోడ మీద పొంచి ఉండి ఈగ మీదకు గెంతే చిన్న సాలీళ్ళను మీరందరూ చూసే ఉంటారు. ఆ గెంతే సాలీళ్ళలో ఒక జాతి పేరు టాక్సియస్ మాగ్నస్. తైవాన్‌లోను, దక్షిణ చైనాలోను ఉంటుంది. సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఈ జీవి చూడడానికి అచ్చం చీమే. కాళ్ళు లెక్కపెడితే గాని గుట్టు తెలియదు. చీమకు ఆరు, దీనికి ఎనిమిది.

చైనాలోని యునాన్ రాష్ట్రంలో ఒక ఉష్ణమండల వృక్షోద్యానం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞుడు చెన్ ఝాన్‌చీ, ఆయన సహచరులు ఈ సాలీడు గూటిని గమనించారు. పిల్లలు పుట్టి రోజులు గడుస్తున్నా అవి బయటకు పోవు, తల్లి ఆహారం తెచ్చిపెట్టదు. అయినా పిల్లలు పెరుగుతున్నాయి! పరిశీలిస్తే తేలిందేమిటంటే, తల్లి పాలిస్తున్నది. మొదటి వారం పాల చుక్కలను గూటిలో వదులుతుంది. ఆ తరువాత పిల్లలు తల్లి పొట్ట కింద, గుడ్లు వెలువడే చోటనే నోరు పెట్టి తాగుతాయి. ఆ పాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కన్నా దాదాపు 4 రెట్లు. ఈ వివరాలు 2018 నవంబరులో 'సైన్స్' పత్రికలో వెలువడ్డాయి.

పుట్టిన నాటినుంచే పాలు అందకుండా పూత పూసి ఆపితే, పిల్లలు పది పదకొండు రోజుల్లో చనిపోయాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం ఆ తరువాతి సంగతి. ఇరవయ్యో రోజుకు పిల్లలు స్వయంగా వేటాడగలవు. పగలు బయట తిరిగి వస్తాయి. అయినా తల్లి నలభయ్యో రోజు దాకా పాలిస్తూనే ఉంటుంది, గూటిని బాగుచేస్తూ, పిల్లలు విడిచిన కుబుసాలను బయట పారేస్తూ ఉంటుంది. తల్లి సంరక్షణ, పాలు రెండూ దక్కిన పిల్లల్లో 76 శాతం పెద్దవయ్యేదాకా బతికాయి. ఎదిగిన తరువాత కూతుళ్ళను గూటికి రానిస్తుంది. కొడుకులు వస్తే మాత్రం తరిమికొడుతుంది! అన్నాచెల్లెళ్ళు జతకట్టకుండా ఉండేందుకే కావచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ.

ఇక రెండో తల్లిని చూడండి. ఈమె మన రాష్ట్రానిదే. చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో, కంచెల మీద, పొదల మీద గుంపులుగా గూళ్ళు కట్టే స్టెగోడైఫస్ సాలీళ్ళున్నాయి. వీటిలో తల్లి పిల్లలను పోషించి పోషించి, చివరకు తన శరీరాన్నే అర్పిస్తుంది. పిల్లలు ఆమెను తినేస్తాయి.

ఏ తల్లి గొప్పదని నేను తీర్పు చెప్పను. రెండింటికీ తమ సంతానం బతకడమే ముఖ్యం. సాలీడుకు నీతి తెలియదు, దాని ప్రకృతి దానిది. ఆలోచించవలసినది మనం.

రిటైరైన నాడు వచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ మొత్తం పిల్లల చేతిలో పోసి, ఆ తరువాత మందులకు చెయ్యి చాచవలసి వచ్చినవారు మన సభ్యులలో ఉన్నారు. "సంపాదన వచ్చిందిగా, ఇక మీ బతుకు మీది" అని ఇరవయ్యో రోజునే తలుపు మూసినవారూ ఉన్నారు. నడిమి దారి ఒకటుందని ఈ పాలసాలీడును చూస్తే నాకనిపించింది. పిల్లలు సంపాదన మొదలుపెట్టాక కూడా కొంతకాలం ఆసరా ఇవ్వడం వృథా కాదు. కాని ఆ ఆసరాకు ఒక గడువుండాలి, ఇచ్చేవారు మిగిలి ఉండాలి.

కొడుకులను తరమమని మాత్రం నేననడం లేదు! ఇంటికి వెళ్ళాక గోడ మీద గెంతే సాలీడు కనబడితే చీపురు ఎత్తకండి. అది మనల్నేమీ చెయ్యదు, ఈగలను, దోమలను పడుతుంది.