చేతి మిషన్లు, చెప్పని కథలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నావని అడిగినవాళ్ళకి "పాత కుట్టుమిషన్లు పోగుచేస్తున్నాను" అంటే నవ్వుతారు. మన కార్యదర్శి గారు మాత్రం నవ్వకుండా, పది నిమిషాలు దాని గురించే మాట్లాడమన్నారు. వారి ధైర్యానికి కృతజ్ఞతలు.

కాలితో తొక్కే మిషన్ల జోలికి నేను పోను. ఇంట్లో చోటు లేదు, మా ఆవిడ ఒప్పుకోదు. చేత్తో తిప్పేవి, చెక్క పెట్టెలో పెట్టి మోసుకుపోగలిగినవి మాత్రమే నా దగ్గరుంటాయి. ఇప్పటికి పదకొండయ్యాయి. బందరు పాత ఇనప కొట్లలో నాలుగు, గుడివాడలో ఐదు, దివిసీమలో రెండు దొరికాయి.

ఐజాక్ సింగర్ అమెరికాలో 1851లో తన మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. నా దగ్గరున్న సింగర్లు మాత్రం స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంకులో తయారైనవి. అక్కడి కిల్‌బోవీ ఫ్యాక్టరీ 1880లలో మొదలై 1980లో మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా, పక్కనున్న రైల్వేస్టేషను పేరు ఇప్పటికీ సింగరే. మిషను మీద 99 పక్కన 'కె' అనే అక్షరం కనిపిస్తే అది కిల్‌బోవీ గుర్తు. ఈ 99 మోడలు, అంతకన్నా పాతదైన 28 మోడలు, రెండూ ముప్పాతిక సైజువి. 28లో పడవలాంటి పొడుగాటి షటిల్ ఉంటుంది. 99లో గుండ్రటి బాబిన్. ఇక 1930లలో కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ వారు ఉషా మిషను మొదలుపెట్టారు. నాకు గుడివాడలో దొరికినవాటిలో మూడు అవే.

అమెరికాలో మన పిల్లలున్న ఊళ్ళలో పాత మిషన్లు పోగుచేసేవాళ్ళకి సింగర్ 221 అంటే ప్రాణం. 1933లో వచ్చింది, అల్యూమినియం ఒళ్ళు, అయిదు కిలోల బరువు. కానీ అది కరెంటు మిషను. కరెంటు లేని రోజుల్లో మన లంక గ్రామాల్లో చేతి మిషనే దిక్కుగా ఉండేది. యంత్రాలంటే అంతగా గిట్టని గాంధీగారు కూడా 1924లో సింగరు మిషనుకి మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో పడే అవస్థ చూసి, ఆ ప్రేమతో చేసిన యంత్రమని ఆయన అభిప్రాయం.

కొనదలచినవారికి రెండు మాటలు. పాత ఒంటికి కొత్త బంగారు పూలు అంటించి అమ్మేవాళ్ళున్నారు. బల్ల కుడివైపు అచ్చొత్తిన సీరియల్ నంబరు ముందు చూడండి. చక్రం తిరక్కపోతే మిషను చచ్చిందనుకోకండి. సాధారణంగా ఎండి బంకైన పాత నూనే దాన్ని పట్టుకుని ఉంటుంది. ఇనప భాగాల్లో కిరసనాయిలు చుక్కలు వేసి రెండు రోజులు ఓపిక పట్టండి, తరవాత మిషను నూనె వేయండి. పూల మీద మాత్రం స్పిరిట్ తగలనివ్వద్దు. పైనున్న లక్క పూత కరిగి, రంగులతో సహా ఊడొస్తుంది. సూదికి ఇబ్బంది లేదు. ఇవాళ ఫ్యాన్సీ కొట్లో దొరికే మామూలు ఇంటి మిషను సూదే ఈ రెండు మోడళ్ళకీ సరిపోతుంది.

తుప్పు సంగతి వేరు. ఉప్పునీరు తాగిన ఇనుము లోపల్నుంచి తింటూ వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ సభలో చాలామందికి గుర్తే. ఆ నీళ్ళలో మునిగిన మిషను ఒకటి నాగాయలంక అవతల ఒక ఇంట్లో ఉందని తెలిసి వెళ్ళాను. కొడుకు బేరం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని మాట్లాడలేదు. "అమ్మా, ఇది మీదేనా?" అని అడిగాను. అప్పుడు చెప్పింది. నీళ్ళు తీశాక బురదలోంచి తవ్వి తీసిందట. మగదిక్కు పోయిన ఆ ఇంట్లో ఇసకతో తోమి, ఆముదం పోసి, నెలరోజులు తంటాలుపడి తిప్పిందట. ఊళ్ళోవాళ్ళకి జాకెట్లు, లంగాలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. కొడుక్కి ఆ కుట్టుకూలి గుర్తుంది గానీ, బురద సంగతి అప్పటిదాకా తెలియదు.

"ఎంతిమ్మంటావయ్యా దీనికి?" అని ఆవిడ నన్నే అడిగింది. నేను ధర చెప్పలేదు. బాగుచేసి తెస్తానన్నాను. బిగిసిపోయిన కడ్డీ ఒకటి బందరులో లేతు మీద చేయించి, పదిహేను రోజులకి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ చక్రం తిప్పి చూసి, "శబ్దం మారింది, బాబూ" అంది. అబ్బాయి మళ్ళీ బేరం ఎత్తలేదు. ఆ మిషను నా పదకొండింటిలో లేదు.

అప్పట్నుంచి నాకొక నియమం. అమ్ముతానన్నవాళ్ళని కాదు, కుట్టినవాళ్ళని అడగాలి. వాళ్ళు లేకపోతే ఎవరు కుట్టారో, ఏం కుట్టారో, ఎప్పుడు కొన్నారో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టాలి. తూకానికి వెళ్ళిన మిషనుతో ఇనుమే కాదు, ఒక ఇల్లాలి ముప్పయ్యేళ్ళ కష్టం కూడా కరిగిపోతుంది. సింగరు కంపెనీ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. మీ అమ్మ చరిత్ర మీరు రాస్తేనే ఉంటుంది.

మీ అందరికీ ఒక మనవి. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు అటక మీదకి ఓసారి చూడండి. మిషనుంటే నాకు ఇవ్వక్కర్లేదు. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి దాని సంగతి అడగండి. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకుంటే, నా దగ్గర నడిచే స్థితిలో ఉన్న నాలుగు మిషన్లు బడికి ఇస్తాను. అద్దాల బీరువాలో పెట్టడానికి కాదు. శనివారం మధ్యాహ్నాలు పిల్లలకి, మగపిల్లలతో సహా, కుట్టు నేర్పడానికి నేనే వస్తాను. నూనె ఖర్చు నాది.

సెలవు.