రసమట్టం తిప్పి చూసుకోవాలి

(ఆదివారం సాయంత్రం శాన్ రామన్‌లో మన కూడికలో చెప్పిన మాటలు. పని వల్ల రాలేకపోయినవాళ్లు అడిగారు, అందుకే రాసి పెడుతున్నాను.)



నేను పాస్టర్‌ని కాదు. పదో తరగతి వరకే చదివాను, సైటు మీద పని చేయించేవాణ్ణి. మనస్సాక్షి గురించి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు అన్నారు. మన గ్రూపులో అందరూ విశ్వాసులు కారని తెలుసు. అయినా ఈ సంగతి అందరిదీ. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఇదే చెప్పాడు. ధర్మశాస్త్రం తెలియనివాళ్ల గుండెల మీద కూడా దేవుడు మంచీ చెడూ రాసిపెట్టాడు, వాళ్ల మనస్సాక్షే దానికి సాక్ష్యం అన్నాడు.

మనస్సాక్షి అంటే మనసులో కూర్చున్న సాక్షి. ఎవరూ చూడనప్పుడు కూడా చూస్తుంది. కానీ దాని మాట వినకుండా ఉండే కొద్దీ అది మొద్దుబారిపోతుంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు దీన్ని ఇనుముతో వాత పెట్టిన చర్మంతో పోల్చాడు. మనకైతే చేతులు చూసుకుంటే చాలు. పనిలో చేరిన కొత్తలో బొబ్బలెక్కి మండుతాయి. తర్వాత కాయలు కాస్తాయి, నొప్పి తెలియదు. చేతికి కాయ కాస్తే పనికి మంచిదే. మనస్సాక్షికి కాయ కాస్తే మనిషే పాడైపోతాడు.

ఇది ఎవరి గురించో చెప్పడం లేదు. నా గురించే చెబుతున్నాను.

కొన్నేళ్ల కింద ఒక సైటులో నా కింద ఆరుగురు పని చేసేవాళ్లు. కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు. రోజూ తొమ్మిది గంటలు దాటేది. కాలిఫోర్నియాలో రోజుకు ఎనిమిది గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. నా పైవాడు, "ఎనిమిదే రాయి, పని ముగిశాక చూద్దాం" అన్నాడు. రాశాను. మొదటి వారం రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. రెండో వారం కొంచెం పట్టింది. ఐదో వారానికి హాయిగా పడుకున్నాను. కాయ కాసిందన్నమాట.

తొమ్మిదో వారం ఆదివారం ప్రభువు బల్ల. ఆ ఆరుగురిలో ఒకడు, శ్రీకాకుళం తమ్ముడు, నా పక్కనే కూర్చున్నాడు. రొట్టె పళ్లెం నాకు అందించింది అతనే. "తీసుకో అన్నా" అన్నాడు. నా చెయ్యి ముందుకు పోలేదు. ఆ చేత్తోనే శుక్రవారం అతని గంటలు కోసి రాశాను.

ఆ రాత్రి జేబు పుస్తకం తీసి లెక్క వేశాను. ఆరుగురికీ కలిపి మూడు వందల గంటలు పైనే తేలింది. సోమవారం పైవాడికి చూపించాను. కోప్పడ్డాడు. ఇవ్వకపోతే లేబర్ కమిషనర్ ఆఫీసుకు వెళ్తాం, మొదటి సంతకం నాదే అన్నాను. రెండు నెలలకు ఐదుగురికి ఇచ్చాడు. ఆ పని అయ్యాక నన్ను మళ్లీ పిలవలేదు. ఆరోవాడు అప్పటికే టెక్సాస్ వెళ్లిపోయాడు. అతని డబ్బు నేనే విడతలుగా పంపాను. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, నేను ఒకంత ఇవ్వడానికే ఆయాసపడ్డాను. అతను డబ్బు తీసుకున్నాడు గానీ ఈరోజుకీ నా ఫోను ఎత్తడు. దాన్ని నేను మొయ్యాల్సిందే.

ఇప్పుడు అసలు మాట. ఆ ఐదో వారం నిద్ర పట్టిందంటే నేను చేసింది సరి అయిపోయిందా? కాలేదు. రసమట్టం వాడేవాళ్లకు ఈ సంగతి తెలుసు. బుడగ మధ్యలో ఉంది కదా అని నమ్మకూడదు. కిందపడి దెబ్బ తిన్న మట్టం కూడా మనకు బుడగ చూపిస్తుంది. అందుకే అదే చోట అటుది ఇటు తిప్పి పెట్టి చూస్తాం. రెండుసార్లూ ఒకేలా చూపిస్తే మట్టం మంచిది. తేడా వస్తే గోడది కాదు, మట్టానిదే తప్పు.

మనస్సాక్షి కూడా అంతే. పౌలు సౌలుగా ఉన్నప్పుడు స్తెఫనును రాళ్లతో చంపుతుంటే సమ్మతించాడు. దేవుడి పనే చేస్తున్నానని నమ్మాడు. అతని బుడగ మధ్యలోనే ఉంది. దమస్కు దారిలో ప్రభువు తిప్పి చూపించాకే వంకర తెలిసింది. మనం తిప్పి చూసుకునే పద్ధతి యేసు కొండ మీద చెప్పాడు: ఎదుటివాళ్లు నీకు ఏం చెయ్యాలనుకుంటావో నువ్వూ అదే వాళ్లకు చెయ్యి. నేను ఆ తమ్ముడి చోట నిలబడి ఆ గంటల కాగితం చూసుంటే మొదటి రోజే తెలిసేది.

దీనికి మన నేల మీదే ఒక సంగతి ఉంది. 1866లో జాన్ క్లౌ అనే అమెరికా దొరగారు ఒంగోలు వచ్చారు. కుర్రతనంలో భూములు కొలిచే సర్వే పని చేసిన మనిషి. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది, మన పెద్దలు ధాత కరువు అనేవాళ్లు. కరువు పనిగా సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, క్లౌ గారు మూడు నాలుగు మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నారు. సంఘంలోని బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వేరే ముక్కల మీద కూలీలను తిట్టేవాళ్లు, కూలి కోసేవాళ్లు. ఇక్కడ మాత్రం తవ్వినదానికి కూలి చేతికొచ్చేది. అందుకే జనం ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చారు.

వాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇస్తే లెక్క పెరిగేది, పేరొచ్చేది. కానీ కరువు పని సాగినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చేవాళ్లెవరో, విశ్వాసంతో వచ్చేవాళ్లెవరో తేల్చుకోవాలనుకున్నారు. ఇక పంచడానికేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆ ముందు ఆగిన నెలలే పెద్దవి. ఆకలితో ఉన్నవాడి దగ్గర విశ్వాసం కొనకూడదన్నది మనస్సాక్షి. కూలివాడి గంట కొయ్యకూడదన్నదీ అదే మనస్సాక్షి.

ఇంకో మాట పనివాళ్లందరికీ. ఇక్కడికి దగ్గరే బర్కిలీలో 2015 జూన్ 16న ఒక అపార్ట్‌మెంటు బాల్కనీ విరిగి ఆరుగురు కుర్రాళ్లు, అమ్మాయిలు చనిపోయారు. ఐదుగురు ఐర్లాండ్ నుంచి వేసవిలో పని చేసుకోవడానికి వచ్చినవాళ్లు, మనలాగే పరాయి దేశం వచ్చినవాళ్లు. లోపల తేమ చేరి చెక్క కుళ్లిపోయింది. పైకి కనబడలేదు. ఆ తర్వాత 2018లో ఇలాంటి బాల్కనీలను తనిఖీ చెయ్యాలని రాష్ట్రం చట్టం చేసింది. తప్పు ఎవరిదని నేను తీర్పు చెప్పడం లేదు. మనం మూసే ప్రతి గోడ వెనక ఏముందో మనకూ దేవుడికీ తెలుసు, అంతే చెబుతున్నాను. తేమ కనబడితే మూసెయ్యకండి. ఫోటో తీసి పైవాళ్లకు చెప్పండి. భయం వేస్తుంది, నిజమే. ఒక్కరే కాకుండా ఇద్దరు కలిసి వెళ్లండి. ఇక్కడ కాగితాలు ఉన్నా లేకపోయినా చేసిన పనికి కూలి అడిగే హక్కు ఉంది, అదీ మర్చిపోకండి.

చివరిగా, మట్టం రెండో వైపు కూడా తప్పు చూపిస్తుంది. అమ్మ పోయినప్పుడు వెళ్లలేకపోయానని, ఈ నెల డబ్బు పంపలేకపోయానని కొందరు తమ్ముళ్లు రాత్రంతా కుమిలిపోతారు. అది పాపం కాదు, బాధ. మన గుండె మన మీద నేరం మోపినా దేవుడు మన గుండెకంటే గొప్పవాడని యోహాను రాశాడు. దాన్ని ఆయన దగ్గర పెట్టి పడుకోండి.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. ఎవరి గంట అయినా, ఎవరి డబ్బు అయినా, ఏ మాట అయినా మీ దగ్గర ఆగిపోయి ఉంటే, వాళ్ల చోట నిలబడి ఒకసారి చూడండి. తేడా కనబడితే వచ్చే ఆదివారం దాకా ఆగకండి.

ప్రభువా, మా చేతులకు కాసిన కాయలు చాలు, మా మనసులకు కాయనివ్వకు. ఆమేన్.