రోడ్డు పనులు – బాటసారుల రక్షణ

పంచాయతీ సభ్యులారా!

ఊరికి క్రొత్త రోడ్డు వచ్చుచున్నదన్న అందరకును సంతోషమే. కాని పగలు త్రవ్విన గోతిలో రాత్రి ఒక సైకిలు పడినచో ఆ సంతోషము నిలువదు. పని కాంట్రాక్టరుది, దారి మనది.

పని జరుగు చోటునకు చాల ముందుగనే హెచ్చరిక బోర్డు ఉండవలెను. పిదప వాహనములను క్రమముగా ప్రక్కకు మళ్ళించు గుర్తులు, పని చుట్టును కంచె, రాత్రి ఎర్రదీపములు కావలెను. రాళ్ళు, ముళ్ళకంపలు అడ్డము వేయుట హెచ్చరిక కాదు. చీకటిలో అదియే ప్రమాదము. ఒకే వరుస దారి మిగిలినచో రెండు కొసల జెండా మనుష్యులుండి, ఒకరి సంజ్ఞ నొకరు తెలిసికొనుచుండవలెను.

మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేర్చిన 198-ఏ సెక్షను ప్రకారము, నిర్ణీత ప్రమాణములు పాటింపనందున మరణము గాని అంగవైకల్యము గాని కలిగినచో కాంట్రాక్టరునకును, బాధ్యతగల అధికార సంస్థకును 1,00,000 రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును. మేమును ఇందుకు మినహాయింపు కాము.

బడి వేళలు, సంత రోజు, ధాన్యపు ట్రాక్టర్లు తిరుగు కాలము మీకు తెలిసినట్లు కాంట్రాక్టరునకు తెలియవు. పని ఆరంభమునకు ముందే తెలుపుడు. లోపము కనబడినచో ఇంజనీరునకు వ్రాతమూలముగా తెలియజేయుడు. హెచ్చరిక బోర్డులను, పీపాలను ఎవరును ఇంటికి కొనిపోకుండ చూడుడు. రోడ్డు పూర్తియగు నాటికి ఊరివారందరును క్షేమముగా నుండవలెను గదా!